అడగడంలోని పనితనం

మనిషి లోపల ఏం జరుగుతోందో తెలుసుకోవడానికి థర్మామీటరు లేదు, ఎక్స్‌రే లేదు. నోరు తెరిచి అడగాల్సిందే. అడగాల్సింది మామూలు సంగతైతే ఇబ్బంది లేదు. కానీ ఆరోగ్యంగా తిరుగుతున్న ఇరవయ్యేళ్ల విద్యార్థిని, నీ చెయ్యి నీది కాదేమోనని ఎప్పుడైనా అనిపించిందా అని అడగాలి. అనిపించినవాడు సిగ్గుపడో భయపడో దాచుకోకూడదు. అనిపించనివాడు సరదాకి అవుననకూడదు. చదవకుండానే టిక్కు పెట్టి పోయేవాడు తేలిపోవాలి. ఇన్ని షరతులకు నిలబడే ప్రశ్న రాయడానికి గొప్ప పనితనం కావాలి. అమెరికాలోని మాడిసన్ నగరంలో, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో, లోరెన్ చాప్‌మన్, జీన్ చాప్‌మన్ అనే దంపతులు 1970, 80 దశకాల్లో ఆ పని చేసి చూపించారు. సైకోసిస్ వైపు మొగ్గున్న స్వభావాన్ని కొలవడానికి వాళ్లు తయారుచేసిన ప్రశ్నావళులకు విస్కాన్సిన్ స్కేళ్లని పేరు. వాటిని ఎంత దగ్గరగా చూస్తే వాటిమీద నాకు అంత గౌరవం కలుగుతుంది. ఆ గౌరవానికి కారణాలు ఇక్కడ చెప్పాలని నా ప్రయత్నం.

సైకోసిస్‌లో మనిషికి వాస్తవం మీద పట్టు సడలుతుంది. ఎవరూ లేనిచోట గొంతులు వినిపిస్తాయి. ఎవరో కుట్ర పన్నుతున్నారన్న నమ్మకం ఎన్ని రుజువులు చూపినా కదలదు. మాట ఒకచోట మొదలై మరెక్కడికో పోతుంది. ఈ కోవలో ఎక్కువమందికి తెలిసిన జబ్బు స్కిజోఫ్రీనియా. జబ్బు బయటపడక ముందే కొందరి స్వభావంలో దాని ఛాయ ఉంటుందనీ, జబ్బు లేని తోబుట్టువుల్లో కూడా ఆ పోకడలు కొన్ని కనిపిస్తాయనీ వైద్యులు చాలాకాలంగా రాస్తూ వచ్చారు. 1962లో పాల్ మీల్, అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ అధ్యక్షుడిగా చేసిన ప్రసంగంలో ఈ పరిశీలనలకు ఒక సిద్ధాంత రూపం ఇచ్చాడు. వంశపారంపర్యంగా వచ్చే నాడీలోపం ఒకటి కొద్దిమందిలో ఉంటుందనీ, పెంపకమూ అనుభవాలూ తోడై అది 'స్కిజోటైపీ' అనే వ్యక్తిత్వంగా రూపుదిద్దుకుంటుందనీ అన్నాడు. వాళ్లలో కొందరికే అది జబ్బుగా ముదురుతుంది. తక్కినవాళ్లు ఆ స్వభావంతోనే జీవితం గడిపేస్తారు. మీల్ లెక్కలో వీళ్లు మిగతా జనానికి వేరైన ఒక వర్గం.

లండన్‌లో హాన్స్ ఐసెంక్ మరోలా ఆలోచించాడు. వేరే వర్గమంటూ ఏదీ లేదనీ, ఈ మొగ్గు అందరిలోనూ ఎక్కువ తక్కువలుగా ఉండే వ్యక్తిత్వ లక్షణమేననీ అతని వాదన. బహిర్ముఖత, న్యూరోటిసిజం అనే తన రెండు కొలతలకు 'సైకోటిసిజం' అనే మూడోదాన్ని చేర్చి, భార్య సిబిల్‌తో కలిసి 1975లో ఐసెంక్ పర్సనాలిటీ క్వశ్చనీర్ వెలువరించాడు. ఆలోచనలో బలముంది. అయితే అందులోని ప్రశ్నలు, అప్పుంటే మీకు దిగులుగా ఉంటుందా, రాత్రిపూట తలుపులు జాగ్రత్తగా వేసుకుంటారా, మర్యాదా శుభ్రతా మీకు ముఖ్యమా అన్న తీరులో నడుస్తాయి. ఇవన్నీ నడవడిని అడిగే ప్రశ్నలు. దుడుకుతనం, కరకుతనం, లెక్కలేనితనం ఉన్నవాళ్లకు వీటిలో ఎక్కువ మార్కులు పడతాయి. ఖైదీలకూ ఎక్కువే వచ్చాయి. తన చెయ్యి తనది కాదనిపించిన ఆ విద్యార్థి అప్పంటే భయపడే నెమ్మదస్తుడైతే, ఈ ప్రశ్నలు అతని పక్కనుంచి వెళ్లిపోతాయి.

చాప్‌మన్ దంపతులు ఈ పనికి దిగేనాటికే నిపుణుల కళ్లు ఎలా మోసపోతాయో పరిశోధించి ఉన్నారు. ఆ రోజుల్లో మానసిక నిపుణులు రోగి చేత మనిషి బొమ్మ గీయించి, దాన్నిబట్టి రోగం అంచనా వేసేవారు. అనుమానపు స్వభావం ఉన్నవాడు కళ్లను వింతగా గీస్తాడని వాళ్ల నమ్మకం. 1967లో చాప్‌మన్‌లు కొన్ని బొమ్మల పక్కన కొన్ని రోగలక్షణాలను ఏ సంబంధమూ లేకుండా జతచేసి, ఈ విద్యలో ఓనమాలు తెలియని విద్యార్థులకు చూపించారు. ఆ విద్యార్థులు కూడా అచ్చం నిపుణులు చెప్పిన సంబంధాలనే 'కనిపెట్టారు'. అక్కడ ఉన్నది ఒట్టి యాదృచ్ఛికమే. 1969లో రోర్షాక్ సిరామరకల పరీక్ష మీద చేసిన అధ్యయనంలోనూ ఇదే తేలింది. మనసు ముందే నమ్మినదాన్ని కంటికి చూపిస్తుందన్న సత్యం చేతికందిన వాళ్లు, తమ సొంత ప్రశ్నల విషయంలో తమ కంటినే నమ్మకుండా ఉండటానికి ఏర్పాట్లు చేసుకున్నారు. ఆ స్కేళ్లలోని పనితనానికి మూలం అక్కడుంది.

మొదట మీల్ చెప్పిన దారే పట్టారు. సంతోషాన్ని అనుభవించలేకపోవడం ఈ స్వభావపు కేంద్ర లక్షణాల్లో ఒకటని మీల్ అన్నాడు గనుక, 1976లో రెండు స్కేళ్లు తెచ్చారు. ఒకటి శారీరక ఆనందాల లోటుకు: తిండి రుచి, వాసన, స్పర్శ, సంగీతం, ప్రకృతి దృశ్యాలు ఏమీ మనసును తాకకపోవడం. రెండోది సాంఘిక ఆనందాల లోటుకు: మనుషుల సాంగత్యం మీద ఆసక్తే లేకపోవడం. 1978లో మైఖేల్ రౌలిన్‌తో కలిసి ఇంద్రియానుభవ వైపరీత్యాల స్కేలు చేశారు. ఇందులో 35 వాక్యాలు. చాలావరకు ఒంటికి సంబంధించినవి: అవయవం పొడుగైనట్టు, ఒళ్లు కరిగిపోతున్నట్టు, పక్కనున్న వస్తువుకూ తనకూ మధ్య హద్దు చెరిగిపోయినట్టు. 1983లో మార్క్ ఎక్‌బ్లాడ్‌తో లోరెన్ చాప్‌మన్ చేసిన 'మాజికల్ ఐడియేషన్' స్కేలులో 30 వాక్యాలున్నాయి. లోకం మామూలుగా ఒప్పుకోని కార్యకారణ సంబంధాలను నమ్మే ధోరణిని అది కొలుస్తుంది.

ఈ చివరి స్కేలులో ఒక వాక్యాన్ని దగ్గరగా చూద్దాం. రేడియోలోనో టీవీలోనో మాట్లాడే మనిషికి నేను వింటున్నానని తెలుసుననే భావన గురించి అది అడుగుతుంది. సైకోసిస్‌లో ఇది బాగా తెలిసిన లక్షణం. టీవీ తనతోనే మాట్లాడుతోందని రోగి గట్టిగా నమ్ముతాడు. చాప్‌మన్‌ల వాక్యం ఆ గట్టి నమ్మకాన్ని అడగదు. అప్పుడప్పుడూ, అర్థం లేనిదని తనకే తెలిసిన ఒక భావనగా, అలా అనిపించిందా అని అడుగుతుంది. ఇక్కడ రెండు మెట్లు దింపారు. ఎప్పుడూ అన్నదాన్ని అప్పుడప్పుడూ చేశారు, నమ్మకాన్ని అనిపించడంగా మార్చారు. అర్థం లేనిదని ఒప్పుకునే వెసులుబాటును వాక్యంలోనే పెట్టడంతో, జవాబు చెప్పేవాడికి తన తెలివిని కాపాడుకుంటూనే నిజం చెప్పే వీలు దొరికింది. జబ్బు పడ్డవాణ్ని గుర్తించడానికి ఇంత మెత్తని ప్రశ్న అక్కర్లేదు. జబ్బు లేనివాడిలో ఆ మొగ్గును పసిగట్టాలంటే ప్రశ్న ఇంత మెత్తగానే ఉండాలి. నా మటుకు నాకు ఆ వాక్యం సైన్సూ మర్యాదా కలిసిన చోటు.

కంసాలి బంగారం తూచేముందు ఖాళీ తరాజు ముల్లు నిలకడగా ఉందో లేదో చూసుకుంటాడు. వీళ్లూ తూకానికి ముందు తరాజును పరీక్షించారు. ప్రతి స్కేలుకూ తాము కొలవదలచిన లక్షణానికి ముందుగా నిర్వచనం రాసుకుని, దానికి తగ్గట్టు కావలసినదానికంటే ఎక్కువ వాక్యాలు రాసి, విద్యార్థుల చేత పూరింపజేసి, ఒక్కో వాక్యాన్నీ వడపోశారు. మంచివాడిగా కనిపించాలన్న కోరికతో ముడిపడ్డ వాక్యం పోయింది. ఏదడిగినా అవుననే అలవాటును కొలిచే వాక్యమూ పోయింది. కొన్ని వాక్యాలను తిరగేసి రాశారు. వాటికి కాదని చెప్తేనే మార్కు పడుతుంది. అన్నిటికీ వరసగా అవునని పెట్టుకుంటూ పోయేవాడి స్కోరు అలా పెరగకుండా ఉంటుంది. వీటికి తోడు 13 వాక్యాల చిన్న స్కేలు ఒకటి తయారుచేసి, వాక్యాలను అక్కడక్కడా కలిపేశారు. ఎప్పుడైనా పొద్దున మెలకువ వచ్చిన వెంటనే మంచం దిగకుండా ఉన్నారా అన్నంత మామూలు సంగతులు అందులో ఉంటాయి. ఇలాంటివాటికి వింత జవాబులు ఇచ్చినవాడు కాగితం చదవలేదన్నమాట. అతని జవాబుల్ని లెక్కలోకి తీసుకోరు. చదవకుండా పెట్టిన టిక్కులు సైకోసిస్ మొగ్గుగా లెక్కకెక్కకుండా ఇంత చిన్న ఉపాయంతో అడ్డుకట్ట వేశారు.

తరువాత వేలమంది కాలేజీ విద్యార్థులకు ఈ ప్రశ్నావళులు ఇచ్చి, సగటు కంటే దాదాపు రెండు ప్రామాణిక విచలనాలు పైనున్నవాళ్లను ఎంచుకున్నారు. కాగితం మీది మార్కుతో ఆగలేదు. కూర్చోబెట్టి మాట్లాడారు. ఆ మాటల్లో బయటపడ్డ అనుభవాలు ఎంత తీవ్రమైనవో నిర్ణయించడానికి 1 నుంచి 11 వరకు మెట్లున్న కొలమానం ఒకటి 1980లోనే ప్రచురించారు. కునుకు పట్టేవేళ ఎవరో పేరుపెట్టి పిలిచినట్టు అనిపించడం, పట్టపగలు గొంతు వినిపించి అది నిజమని నమ్మడం ఒకే మెట్టు మీదకు రావు. సైకోసిస్‌ను ఉంది లేదు అన్న రెండు గదులుగా చూడటం మాని, మెట్లు మెట్లుగా చూడటానికి ఆ కొలమానం వీలు కల్పించింది.

ఇంతవరకూ చేస్తే మంచి పనివాళ్లు అనిపించుకునేవారు. వాళ్లను గొప్పవాళ్లను చేసింది ఆ పైన చేసిన పని. పదేళ్లు ఆగి, ఆ విద్యార్థులనే మళ్లీ వెతికారు. ఎక్కువ మార్కులవాళ్లూ, పోలిక కోసం తీసుకున్న మామూలు మార్కులవాళ్లూ కలిపి మొదట ఎంచుకున్న 534 మందిలో 95 శాతం మందిని పదేళ్ల తరువాత మళ్లీ ఇంటర్వ్యూ చేయగలిగారు. చదువులై, ఉద్యోగాల్లో చేరి, దేశమంతా చెదిరిపోయినవాళ్లను, సోషల్ మీడియా లేని రోజుల్లో అంతమందిని పట్టుకోవడం ఎంత ఓపికతో కూడిన పనో ఇలాంటి పనులు చేసినవాళ్లకు తెలుస్తుంది. ఫలితాలు 1994లో వచ్చాయి. ఇంద్రియానుభవ వైపరీత్యాల్లోనూ, మాజికల్ ఐడియేషన్‌లోనూ ఎక్కువ మార్కులు వచ్చినవాళ్లలో, మామూలు మార్కులు వచ్చినవాళ్ల కంటే ఎక్కువమందికి సైకోసిస్ వచ్చింది. మొదటి ఇంటర్వ్యూలోనే ఓ మోస్తరు తీవ్రత ఉన్న అనుభవాలు చెప్పినవాళ్లలో ఆ తేడా మరింత స్పష్టంగా కనిపించింది.

వాళ్లు అచ్చువేసింది గెలుపు ఒక్కటే కాదు. మొట్టమొదట చేసిన శారీరక ఆనందాల లోటు స్కేలు సైకోసిస్‌ను ముందుగా చెప్పలేకపోయింది. మీల్ సిద్ధాంతం ముఖ్యంగా చెప్పిన లక్షణాల్లో ఒకటి అది. తమ చేత్తో చేసిన స్కేలు నిలబడలేదని వాళ్లు దాచకుండా చెప్పారు. ఐసెంక్ సైకోటిసిజం స్కేలునూ అదే పదేళ్ల గీటురాయి మీద పరీక్షించి, అదీ సైకోసిస్‌ను ముందుగా చెప్పలేదని విడిగా రాశారు. ఇక సాంఘిక ఆనందాల లోటు సంగతి. వాళ్ల శిష్యుడు థామస్ క్వాపిల్ 1998లో ఆ విద్యార్థుల వివరాలనే పరిశీలించినప్పుడు, ఈ లోటు బాగా ఉన్నవాళ్లలో 24 శాతం మందికి పదేళ్ల తరువాత స్కిజోఫ్రీనియా కుటుంబానికి చెందిన ఏదో ఒక రుగ్మత ఉన్నట్టు తేలింది. పోలిక కోసం తీసుకున్నవాళ్లలో అది 1 శాతం. ఆ రుగ్మతల్లో వ్యక్తిత్వానికి సంబంధించినవీ కలిసి ఉన్నాయి. సూర్యాస్తమయం కదిలించకపోవడం వేరు, మనిషి పక్కన మనిషిగా ఉండాలనిపించకపోవడం వేరు అని పదేళ్లు ఆగితేగానీ తెలియలేదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పుకోవాలి. ఎక్కువ మార్కులు వచ్చినవాళ్లలో కూడా అత్యధికులకు సైకోసిస్ రాలేదు. గుంపు మొత్తం మీద ప్రమాదం కాస్త ఎక్కువని స్కేలు చెప్తుంది. ఒక మనిషి భవిష్యత్తు చెప్పదు. ఏ కుర్రాడి నుదుటా ముద్ర వేయడానికి ఈ మార్కులు పనికిరావు. అనుభవాలు భయపెడుతుంటే, నిద్రనూ చదువునూ చెడగొడుతుంటే వెళ్లాల్సింది డాక్టరు దగ్గరికి. దానికి స్కోరుతో నిమిత్తం లేదు.

మరి వ్యక్తిత్వ లక్షణాల పటంలో ఈ మొగ్గు ఎక్కడ ఉంటుంది? ఇప్పుడు ఎక్కువగా వాడుకలో ఉన్న పటంలో అయిదు లక్షణాలున్నాయి: బహిర్ముఖత, న్యూరోటిసిజం, సౌమ్యత, క్రమశిక్షణ, కొత్తదనం పట్ల తెరిచిన మనసు. స్కిజోటైపీకి మూడు ముఖాలున్నాయని తేలాక వాటిని ఈ పటం మీద పరిచి చూశారు. మనుషులకు దూరమయ్యే నెగెటివ్ ముఖం తక్కువ బహిర్ముఖతతో కలిసింది. ఆలోచన చెదిరే ముఖం ఎక్కువ న్యూరోటిసిజంతోనూ, తక్కువ క్రమశిక్షణతోనూ కలిసింది. వింత నమ్మకాలూ వింత అనుభవాలూ ఉండే పాజిటివ్ ముఖమే చిక్కు పెట్టింది. తెరిచిన మనసుతో దానికి బంధుత్వం ఉండాలని అనిపిస్తుంది. లెక్క వేస్తే సంబంధం ఒక అధ్యయనంలో కనిపించి మరోదాంట్లో మాయమయ్యేది. 2012లో కాలిన్ డీయంగ్, మరి ఇద్దరు పరిశోధకులు దీనికో వివరణ ఇచ్చారు. తెరిచిన మనసు అనే ఆ లక్షణంలోనే రెండు పాయలున్నాయి. ఒకటి ఊహకూ సౌందర్యానుభూతికీ తలుపు తీసేది. మరొకటి తర్కానికీ మేధకూ సంబంధించినది. లేనిచోట పోలికలూ సంకేతాలూ చూసే గుణం మొదటి పాయతో కలిసి పెరుగుతుంది, రెండోదానికి ఎదురు తిరుగుతుంది. రెంటినీ కలిపి కూడితే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కవిలోని ఊహకూ రోగిలోని భ్రమకూ చుట్టరికం ఉందన్న పాత అనుమానానికి, ఇక్కడ కొలవదగిన ఒక రూపం దొరికింది.

ఆక్స్‌ఫర్డ్‌లో గోర్డన్ క్లారిడ్జ్ స్కిజోటైపీని పూర్తిగా ఆరోగ్యవంతుల స్వభావ వైవిధ్యంలో భాగంగా చూశాడు. ఎక్కువ ఉన్నంతమాత్రాన జబ్బు కాదు, కొందరికి అది సృజనకు ఊతం కూడా కావచ్చునని అతని వాదన. 1995లో అతనూ, సహచరులూ తెచ్చిన 104 ప్రశ్నల ప్రశ్నావళిలో నాలుగు విభాగాలున్నాయి. ఇటు మీల్ 1990లో కూడా పదిమందిలో ఒకరు వేరే వర్గమనే నిలబడ్డాడు. ఆ పక్షం పరిశోధకులు తమ వాదనకు వాడుకున్నది చాప్‌మన్‌ల ఇంద్రియానుభవ స్కేలునే. అవతలి పక్షమూ ఆ స్కేళ్ల మీదే లెక్కలు కట్టింది. పనిముట్టు చేసినవాడి సిద్ధాంతానికి కట్టుబడకుండా ఇద్దరు ప్రత్యర్థుల చేతుల్లోనూ నిజాయితీగా పనిచేయడం కంటే దానికి పెద్ద మెప్పు ఉండదు.

ఈ వాదం వైద్యుల అధికారిక గ్రంథాల దాకా వెళ్లింది. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో తెచ్చిన డీఎస్‌ఎం-5, వ్యక్తిత్వ రుగ్మతలకు సూచించిన ప్రత్యామ్నాయ నమూనాలో అయిదు లక్షణ క్షేత్రాలను చూపింది. వాటిలో సైకోటిసిజం ఒకటి. పేరు ఐసెంక్‌ది. లోపలి సరుకు మాత్రం వింత నమ్మకాలు, విపరీత ధోరణి, గ్రహణంలో తేడాలు. అంటే చాప్‌మన్‌లు అడిగినదానికి దగ్గరది. 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ-11 కూడా వ్యక్తిత్వానికి అయిదు లక్షణాలనే చెప్పింది కానీ, వాటిలో సైకోటిసిజం లేదు. స్కిజోటైపల్ రుగ్మతను స్కిజోఫ్రీనియా పక్కనే ఉంచింది. సైకోసిస్ మొగ్గు స్వభావమా, జబ్బు అంచా అన్న ప్రశ్న ఇంకా తెరిచే ఉందనడానికి, ప్రపంచం వాడే రెండు గ్రంథాలు రెండు దారుల్లో ఉండటమే సాక్ష్యం.

ఈ స్కేళ్లను మన ఇళ్లలోకి తెస్తే ఏమవుతుంది? మాజికల్ ఐడియేషన్ స్కేలులో జాతకాలు కాకతాళీయం అనలేనంతగా నిజమవుతాయా అన్న ధోరణి వాక్యం ఒకటుంది. తాయెత్తుల్లాంటివి పనిచేస్తాయా అన్నది ఒకటి. తన వింత అనుభవాలకు పునర్జన్మ సమాధానం అవుతుందా అన్నది మరొకటి. ఉగాదినాడు పంచాంగ శ్రవణం విని, బిడ్డకు దిష్టి తీసి, పెళ్లికి జాతకాలు చూపించి, గత జన్మ పుణ్యమనే మాటను రోజూ వాడే తెలుగువాడు ఏ వైపరీత్యమూ లేకుండానే ఈ మూడు మార్కులూ తెచ్చుకోగలడు. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి బోనాల్లో రంగం అనే ఆచారంలో పచ్చికుండ మీద నిలబడి చెప్పే భవిష్యవాణిని వేలమంది భక్తితో వింటారు. అది పదిమంది కలిసి పంచుకున్న నమ్మకం. లోకం మామూలుగా ఒప్పుకోనిదాన్నే లెక్కలోకి తీసుకోవాలని ఆ స్కేలు నిర్వచనం చెప్తోంది గనుక, తెలుగునాట ఆ మూడు వాక్యాలూ పక్కకు తప్పుకోవాలి. ఒళ్లు కరిగిపోతున్నట్టుందా, చెయ్యి తనది కాదనిపించిందా అన్న వాక్యాలకు ఇక్కడ కూడా పదును పోదని నా అభిప్రాయం. ఎందుకంటే వాటికి మన ఆచారాల్లో సిద్ధంగా జవాబు లేదు.

పాత స్కేళ్లకు వయసు పైబడిందని ఒప్పుకుని, క్వాపిల్, రౌలిన్, మరికొందరు కలిసి 2018లో 77 వాక్యాల కొత్త స్కేలు తెచ్చారు. మూడు ముఖాలకూ మూడు భాగాలు పెట్టారు. ఆడా మగా తేడా వల్ల, జాతి తేడా వల్ల ఏ వాక్యమైనా పక్షపాతం చూపుతోందా అని ఒక్కొక్కటీ పరీక్షించారు. 1978 స్కేలు మీద పేరున్న రౌలిన్, నలభై ఏళ్ల తరువాత దాన్ని సవరించే పనిలోనూ చెయ్యి కలపడం ఈ పనివాళ్ల సంప్రదాయానికి తగినట్టే ఉంది. తెలుగులో ఇలాంటి స్కేలు చేయాలనుకునేవాళ్లు తీసుకోవాల్సింది ఆ 77 వాక్యాల తర్జుమా కాదు, వాళ్లు పనిచేసిన క్రమం. ఏం కొలుస్తున్నామో ముందుగా రాసుకోవాలి. ఏది మామూలో ఇక్కడి మనుషుల్నే అడిగి తెలుసుకోవాలి. జవాబిచ్చేవాడు సిగ్గుపడాల్సిన అవసరం లేకుండా అడగాలి. ఆపైన పదేళ్లు ఆగి, మన ప్రశ్న నిజం చెప్పిందో లేదో చూసి, తప్పిందని తేలితే ఆ మాటా అచ్చువేయాలి.